ఈగల బోను ఎందుకు నల్లబడుతుంది?

చిట్యాలలోనో, ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లోనో, మీ పాఠశాలకు ఎవరో ఒక వింత మొక్కను తెచ్చి ఇచ్చారనుకోండి. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ కుండీ. అందులో నేలకు అంటుకున్నట్టు గుండ్రంగా పరుచుకున్న ఆకులు. ఒక్కొక్క ఆకు చివర, ముళ్లలాంటి పళ్లతో తెరిచి ఉంచిన నోరు. పేరు వీనస్ ఫ్లైట్రాప్, అంటే ఈగలను పట్టే మొక్క. మొదటి రోజు బడి అంతా దాని చుట్టూనే ఉంటుంది. పుల్లతో ఒకరు, పెన్సిలుతో ఒకరు, వేలితో ఇంకొకరు నోళ్లు మూయించి చూస్తారు. కొద్ది రోజులకు ఒక నోరు నల్లబడుతుంది. మరికొన్నాళ్లకు ఇంకొకటి. “పాపం, చచ్చిపోతోంది” అని జాలిపడి ఎవరో చిటికెడు యూరియా వేసి, చెంబెడు బోరు నీళ్లు పోస్తారు. అప్పుడు మొక్క నిజంగానే చచ్చిపోతుంది.

ఇందులో రెండు చావులు ఉన్నాయి, గమనించారా? మొదట చచ్చింది బోను. తర్వాత చచ్చింది మొక్క. బోను చావు ప్రకృతి సహజం. మొక్క చావు మాత్రం మన దయ వల్ల వచ్చింది. ఈ రెండింటికీ తేడా తెలిస్తే ఈ మొక్కను పెంచడం సగం వచ్చినట్టే.

ముందు దాని పుట్టిల్లు చూద్దాం. ప్రపంచం మొత్తం మీద ఇది సహజంగా పెరిగేది ఒక్కచోటే. అమెరికాలో ఉత్తర కరొలైనా, దక్షిణ కరొలైనా రాష్ట్రాల తీరప్రాంతంలో, విల్మింగ్టన్ పట్టణం చుట్టూ వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం లోపల. అక్కడి నేల ఇసుక నేల. ఎప్పుడూ తడిగా, కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది. అందులో నత్రజని దాదాపు లేదనే చెప్పాలి. 1759లో ఉత్తర కరొలైనా గవర్నరు ఆర్థర్ డాబ్స్ ఈ మొక్క గురించి ఒక ఉత్తరంలో రాశాడు. 1768లో జాన్ ఎల్లిస్ అనే ఆయన దీనికి డయోనియా మసిపులా అని శాస్త్రీయ నామం పెట్టాడు. మసిపులా అంటే లాటిన్ భాషలో ఎలుకల బోను! పట్టేది చీమల్నీ, సాలీళ్లనీ, పురుగుల్నీ అయినా పేరు మాత్రం ఎలుకలది వచ్చింది.

ఇది పురుగుల్ని తింటుంది గనక ఆకలి తీర్చుకోవడానికి తింటుందనుకుంటారు చాలామంది. అలా కాదు. మిగతా మొక్కల్లాగే ఇదీ ఆకుపచ్చగా ఉంటుంది, ఎండలో కిరణజన్య సంయోగక్రియతో తన పిండిపదార్థం తానే తయారు చేసుకుంటుంది. పురుగు నుంచి దానికి కావలసింది నత్రజని, భాస్వరం వంటి పోషకాలు. నేలలో దొరకని వాటిని గాలిలో ఎగిరే, నేలమీద పాకే జీవుల నుంచి సంపాదించుకుంటోందన్నమాట. మన రైతు పత్తికి బస్తాలో తెచ్చి వేసేదాన్ని ఈ మొక్క చీమ రూపంలో తెచ్చుకుంటుంది.

ఇక బోను సంగతి. అది ఆకులోని భాగమే. రెండు రెక్కలుంటాయి. ఒక్కొక్క రెక్క లోపలివైపు సాధారణంగా మూడేసి సన్నని వెంట్రుకలు ఉంటాయి. ఒక వెంట్రుకను ఒక్కసారి తాకితే ఏమీ జరగదు. సుమారు ఇరవై సెకన్లలోపు రెండోసారి తాకితే, సెకనులో పదోవంతు కాలంలో రెక్కలు మూతబడతాయి. ఎందుకీ రెండు లెక్క? వాన చినుకు పడ్డా, ఎండుపుల్ల రాలినా ఒక్కసారే తగులుతుంది. ప్రాణమున్న పురుగైతే మళ్లీ మళ్లీ తగులుతుంది.

తాకిడి కబురు మోసేది విద్యుత్తు. 1873లో ఇంగ్లండులో బర్డన్ శాండర్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ ఆకులో విద్యుత్ ప్రేరణను కొలిచి చూపాడు. మన జగదీశ్ చంద్ర బోస్ అత్తిపత్తి మొక్క మీద చేసిన ప్రయోగాలు మీరు చదివే ఉంటారు. అక్కడా పనిచేసేది ఇలాంటి ప్రేరణే. 2016లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఇంకో సంగతి బయటపెట్టారు. మూతపడ్డాక లోపలి పురుగు గింజుకుంటూ వెంట్రుకల్ని తాకుతూనే ఉంటుంది గదా, ఆ తాకిళ్లనూ మొక్క లెక్కపెడుతుంది. అయిదు దాకా వస్తే గాని జీర్ణరసాల తయారీ పూర్తిగా మొదలుకాదు. తాకిడి ఆగిపోయిందా, ఏమీ చిక్కలేదని గ్రహించి ఒకటి రెండు రోజుల్లో మళ్లీ తెరుచుకుంటుంది.

అంత వేగంగా ఎలా మూసుకుంటుంది? తలకు పెట్టుకునే టిక్‌టిక్ పిన్ను చూడండి. ఒకవైపు వంచి వదిలితే టిక్కున రెండోవైపు వంగుతుంది. తెరిచిన బోను రెక్కలు బయటికి ఉబ్బి ఉంటాయి. ఆకు కణాల్లో కొద్దిగా మార్పు రాగానే అవి టిక్కున లోపలికి వంగుతాయి. యోయెల్ ఫోర్టెర్, ఎల్. మహదేవన్ తదితరులు 2005లో దీన్ని లెక్కలతో సహా నిరూపించారు.

పిన్నును వందసార్లు టిక్కుమనిపించవచ్చు. ఆకును మాత్రం అలా చేయలేము. మూసుకోవడానికైనా తెరుచుకోవడానికైనా ఆకు కణాలు సాగాలి, సాగడానికి ఒక హద్దు ఉంది. పైగా మూత పడినప్పుడల్లా ఆకు శ్వాసక్రియ పెరిగి, ఆహార తయారీ కాసేపు మందగిస్తుందని కొలిచి చూశారు. ఒక బోను తన జీవితకాలంలో పదిసార్లకు మించి మూసుకోవడం కష్టం. పురుగును పట్టి అరిగించుకోవడమైతే మూడు నాలుగుసార్లే. తర్వాత తాకినా పలకదు. కొన్నాళ్లు మామూలు ఆకులా ఎండను తింటూ ఉండి, చివరికి నల్లబడి రాలిపోతుంది. మామిడాకు పండి రాలినట్టే. అందుచేత పెన్సిలు పెట్టి పొడిచిన ప్రతిసారీ బోను ఆయుష్షులో ఒక వంతు ఊరికే ఖర్చయిపోతుంది. నలభైమంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరు ఒక్కసారి ముట్టుకున్నా ఎన్ని బోనులు పాడవుతాయో మీరే లెక్క వేయండి.

ముసలితనం రాకముందే బోను నల్లబడితే, సాధారణంగా కారణం తిండి. బోను పొడవులో మూడోవంతుకు మించిన పురుగును వేస్తే, ఒక కాలో రెక్కో బయట మిగిలిపోతుంది. అంచులు సరిగా అతుక్కోవు. ఆ సందులోంచి సూక్ష్మజీవులు చొరబడి పురుగు కుళ్లుతుంది, దానితో పాటు ఆకూ కుళ్లుతుంది. మాంసం ముక్క, గుడ్డు, అన్నం మెతుకు వేసినా ఇదే గతి. ఆరుబయట పెడితే తన తిండి అదే చూసుకుంటుంది, మీరు వెయ్యనక్కరలేదు.

మరి నల్లబడ్డ బోను ముసలిదా, లేక మొక్కే జబ్బుపడిందా? ఎలా తెలుస్తుంది? మొక్క నడిబొడ్డున చూడండి. అక్కడ పచ్చగా, చుట్టుకుని ఉన్న లేత ఆకు వస్తూ ఉంటే ఏ భయమూ లేదు. నల్లబడ్డ ఆకును కత్తెరతో తీసేస్తే చాలు. లేత ఆకే నల్లబడుతుంటే మాత్రం ప్రమాదం వేళ్లలో ఉంది.

వేళ్ల మాట వచ్చింది గనక నీళ్ల మాట చెప్పాలి. చిట్యాలలో మీరు పోయబోయే నీళ్లు ఎక్కడివి? బోరువి. బోరు నీళ్లు భూమిలోని రాళ్ల మధ్య నుంచి వస్తాయి, ఆ రాళ్ల లవణాలు వాటిలో కరిగి ఉంటాయి. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర చూడలేదా? అదే. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిది. వేరే నీరు దొరకనప్పుడు 2000 వరకూ ఒప్పుకుంటారు. ఈ మొక్కను పెంచేవాళ్లు పెట్టుకున్న హద్దు 50! మనకు అమృతమైన నీరు దానికి ఉప్పునీరు.

అంతటితో అయిపోదు. కుండీలోంచి నీరు ఆవిరవుతుంది, లవణం మాత్రం మిగిలిపోతుంది. రేపు మళ్లీ నీళ్లు పోస్తారు, మళ్లీ కొంత మిగులుతుంది. దోసకాయ ముక్కల మీద ఉప్పు చల్లితే ముక్కల్లోంచి నీళ్లూరుతాయి గదా? దాన్నే మీ పుస్తకంలో ద్రవాభిసరణం అన్నారు. కుండీలో లవణం పెరిగేకొద్దీ వేళ్ల గతి ఆ ముక్కల గతే అవుతుంది. చుట్టూ తడి ఉన్నా మొక్కకు దప్పిక తీరదు. చూసేవాళ్లు ఆకులు వాడాయని ఇంకో చెంబు పోస్తారు!

కావాలంటే పరీక్షించండి. రెండు శుభ్రమైన స్టీలు పళ్లేలలో ఒకదానిలో గ్లాసెడు బోరు నీళ్లు, రెండోదానిలో గ్లాసెడు వాన నీళ్లు పోసి ఎండలో పెట్టండి. ఆరిపోయాక రెండు పళ్లేలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

అయితే వాన నీళ్లు ఏడాది పొడుగునా ఎక్కడివి అంటారేమో. లెక్క చూద్దాం. యూరియా, పురుగుమందు తగలని కొత్త పట్టాను వానలో నాలుగు మూలలా ఎత్తి కట్టండి. దాని వైశాల్యం 2 చదరపు మీటర్లు అనుకుందాం. 10 మిల్లీమీటర్ల వాన పడితే 20 లీటర్లు వస్తాయి. అంటే సరిగ్గా ఒక మినరల్ వాటర్ క్యాను. చిన్న కుండీ ఎండాకాలంలో రోజుకు ఒక గ్లాసు తాగుతుంది, చలికాలంలో అంత కూడా తాగదు. రెండు క్యాన్లు నింపి, దోమలు చేరకుండా మూత బిగించి నీడన పెడితే వానలు పోయాక మళ్లీ వానలు వచ్చేదాకా ఇంచుమించు సరిపోతాయి. సిమెంటు కప్పు మీంచి జారిన నీళ్లు పట్టకండి, వాటిలో సున్నం కలుస్తుంది. తక్కువ పడితే ఇన్వర్టరు బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ దుకాణాల్లో దొరుకుతుంది. అడిగేటప్పుడు జాగ్రత్త, బ్యాటరీ యాసిడ్ వేరు! నీళ్లు పైనుంచి పోయకుండా కుండీ కింద పళ్లెంలో పోస్తే కింది నుంచి పీల్చుకుంటుంది.

మట్టి సంగతీ ఇలాంటిదే. నల్లరేగడి పత్తికి బంగారం, ఈ మొక్కకు విషం. అందులో సున్నం, పోషకాలు ఎక్కువ. చెలక మట్టి, పేడ ఎరువు, వానపాముల ఎరువు కూడా పనికిరావు. యూరియా గురించి చెప్పనే అక్కరలేదు. అది వట్టి నత్రజని ఎరువు గదా, మొక్కకు కావలసిందీ నత్రజనే గదా అని మీలో తెలివైనవారు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కాని ఈ మొక్క వేళ్లు ఏమీ లేని నేలకు అలవాటుపడ్డవి. ఎరువు తగిలితే తట్టుకోలేవు. నత్రజని ఆకు దారినే రావాలి. నర్సరీల్లో అమ్మే పీట్ మాస్, బాగా కడిగిన గట్టి ఇసుక కలిపి వాడాలి. కొబ్బరి పొట్టు వాడే వారూ ఉన్నారు. దానిలో ఉప్పు ఉంటుంది గనక చాలాసార్లు నానబెట్టి పిండితే గాని నేను దాన్ని నమ్మను.

ఎండ బాగా కావాలి, రోజూ నాలుగైదు గంటలైనా. కిటికీ లోపల పెడితే బోనులు పాలిపోయి నీరసపడతాయి. మే నెలలో మాత్రం పొద్దుటి ఎండ చాలు, పదకొండు దాటాక నీడకు మార్చండి. ప్లాస్టిక్ కుండీని తడి మట్టికుండలో నిలబెడితే వేళ్లు చల్లగా ఉంటాయి.

అసలు చిక్కు చలికాలంలో ఉంది. విల్మింగ్టన్ 34 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, చిట్యాల 18 డిగ్రీలకు దగ్గరలో. అక్కడ శీతాకాలపు రాత్రులు గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంటాయి. ఈ మొక్క ఆ మూడు నాలుగు నెలలూ చాలా ఆకులు వదిలేసి, నేలలోని దుంపతో నిద్రపోతుంది. ఆ కాలంలో బోనులన్నీ వరసగా నల్లబడడం కూడా సహజమే! మన దగ్గర జనవరి పగలు కూడా దానికి వేసవే. నిద్ర లేని మొక్క ఏడాదో రెండేళ్లో ఈడ్చి క్రమంగా నీరసిస్తుంది. కొందరు దుంపను కడిగి, తడి నాచులో చుట్టి, ఫ్రిజ్‌లో కింది అరలో రెండు మూడు నెలలు ఉంచుతారు. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకుంటే మీరూ చేయవచ్చు. అది ఏమిటో సంచి మీద రాసి పెట్టండి, కూరలో పడగలదు.

ఇన్ని తంటాలు పడి పరదేశపు మొక్కను పెంచడం మంచి విద్యే. అయితే పురుగుల్ని తినే మొక్కను చూడాలన్నదే మీ కోరిక అయితే నర్సరీకి పోనక్కరలేదు. దీని దగ్గరి చుట్టం డ్రోసిరా మన తెలుగు నేల మీదే పెరుగుతుంది. దాని ఆకుల మీద ఎర్రటి నూగు, ప్రతి నూగు కొన మీద జిగురు బొట్టు ఉంటాయి. చూడడానికి మంచు బిందువులా మెరుస్తుంది. దాని మీద వాలిన దోమ తిరిగి లేవదు. చార్లెస్ డార్విన్ 1875లో వేసిన కీటకాహార మొక్కల గ్రంథంలో సగానికి పైగా డ్రోసిరా గురించే ఉంది. ఇంకొకటి యుట్రిక్యులేరియా. చెరువుల్లో, మడుగుల్లో తేలుతూ పసుపుపచ్చని పూలు పూస్తుంది. నీటిలో మునిగిన దాని తిత్తులు చిన్న చిన్న నీటి పురుగుల్ని సెకనులో వెయ్యోవంతు కాలంలో లోపలికి పీల్చేస్తాయి. వీనస్ ఫ్లైట్రాప్ దాని ముందు నత్తే!

వానకాలం వెనకబడ్డాక, భూతద్దం పట్టుకుని బయల్దేరండి. ఇసుక కలిసిన పలచని నేల, ఊట నీటితో ఎప్పుడూ తడిగా ఉండి, గడ్డి కూడా సరిగా మొలవని చోటు చూడండి. డ్రోసిరాకు కావలసింది అలాంటి పేదనేలే. రూపాయి బిళ్లంత ఎర్రటి చక్రాలు నేలకు అతుక్కుని కనిపిస్తే మోకాళ్ల మీద కూర్చుని చూడండి. పీకి కుండీలో పెడితే బతకదు. తడి ఆరగానే ఎలాగూ ఎండిపోతుంది. ఆవగింజలో ఎన్నో వంతు ఉండే దాని విత్తనాలు ఆ ఇసుకలోనే పడి, ఎండాకాలమంతా అక్కడే ఉండి, వానలు పడ్డాక అదే చోట మొలుస్తాయి.