పాత ల్యాప్‌టాప్‌ను బాగుచేసుకోవాలా, కొత్తది కొనాలా?

మా ఇంట్లోని సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఆన్ కావడానికే అయిదు నిమిషాలు పట్టేది. కొత్తది కొనమని అమ్మాయి పట్టుబట్టింది. నేను ముందు చూసింది ప్రాసెసర్ ఏ తరానిదని. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్‌లో 8వ తరం కంటే పాతవాటికి, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 అధికారికంగా రాదు. భద్రతా అప్‌డేట్లు ఆగిన యంత్రంలో నెట్ బ్యాంకింగ్ చేయమని నేనైతే ఎవరికీ చెప్పను.

మాది 8వ తరమే. 4 జీబీ ర్యామ్‌ను 8 చేసి, హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డి పెట్టాను. తేడా అంతా ఎస్‌ఎస్‌డిదే: హార్డ్‌డిస్క్‌లో పళ్లెం తిరగాలి, గ్రామఫోన్ ముల్లులాంటిది కదలాలి, ఇందులో కదిలేదేమీ లేదు. మూత తీయగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. చాలా పలుచని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, మార్చలేం. బ్యాటరీ, స్క్రీన్ కూడా పోయాయా, కొత్తదే మేలు.

తీసిన హార్డ్‌డిస్క్‌ను మాత్రం పాత సామాన్లకు వేయకండి. క్విక్ ఫార్మాట్ చేసినా అందులోని ఆధార్, పాస్‌బుక్ కాపీలను బయటకు తీయవచ్చు.