నొప్పి గలవారికి నీటి వ్యాయామము

కీళ్లనొప్పితో ఏండ్లతరబడి బాధపడువారు అడుగు వేయుటకు వెఱచి మూలను కూర్చుందురు. కదలనికొలది కండలు క్షీణించును. కండలు క్షీణించినకొలది నొప్పి హెచ్చును. ఈ చిక్కును విడదీయుటకు నీరు తోడ్పడును.

ఇందుకు కారణమును మన విద్యార్థులు పాఠములలో చదివియే యున్నారు. నీట మునిగినదానిని నీరు పైకెత్తునని ఆర్కిమిడీసు తెలిపెను గదా! నడుములోతు నీట నిలిచినవాని కాళ్లపై దేహభారములో ఇంచుమించు సగమే పడును; మెడలోతున సుమారు పదియవవంతు మాత్రమే. కనుక నేలపై మొరాయించు మోకాలు నీటిలో సులభముగా వంగును. మఱియు నీరు కదలికను అడ్డగించుటచేత కండలకు పని గలుగును. వడిగా కదలిన అడ్డు హెచ్చును, మెల్లగా కదలిన తగ్గును; గావున రోగియే తన శక్తికి దగినట్లు శ్రమను అమర్చుకొనవచ్చును. 33 మొదలు 35 సెంటిగ్రేడు డిగ్రీల వెచ్చని నీరు బిగిసిన కండలను సడలించును.

ఈతకొలనులో ఛాతీలోతున గట్టు పట్టుకొని ముందునకు, వెనుకకు, ప్రక్కకు నడచుట, మోకాలు ఎత్తి దించుట మొదటి దినములకు చాలును. ఈత రానక్కఱలేదు. అయితే గుండెజబ్బు, పుండ్లు, జ్వరము గలవారు వైద్యుని యడుగక దిగరాదు. ఎవరును ఒంటరిగా దిగరాదు. పాచిపట్టిన చెఱువుమెట్లు ఇందుకు తగవు.

ఈ సాధన నొప్పిని సమూలముగా తీసివేయదు. అయినను వారమునకు రెండు మూడు మారులు విడువక చేసినచో పలువురకు నొప్పి కొంత తగ్గి నడక మెఱుగగును. కావున బాలబాలికలారా, మీ యింటి పెద్దలను కదలక కూర్చుండుమనుటకంటె, వైద్యుని సలహాతో వారు నీటిలో నడచుటకు తోడుపడుట మేలు.