బడిలో ఏడిపిస్తున్నారని పిల్లవాడు చెప్పినప్పుడు

సోమవారం ఉదయం బడి వేళకు వచ్చే కడుపునొప్పి ఆదివారం నాడు రాదు. టిఫిను డబ్బా తెరవకుండానే తిరిగి వస్తుంది. కొత్త పెన్సిళ్లు వారానికి రెండుసార్లు పోతాయి. వీటిని విడివిడిగా చూసి బద్ధకమనో, అజాగ్రత్త అనో తల్లిదండ్రులు సరిపెట్టుకుంటారు. కలిపి చూస్తే, బడిలో ఎవరో వాడిని అదే పనిగా ఏడిపిస్తున్నారేమోనన్న అనుమానం కలగాలి.

పిల్లలు ఈ మాటను తమంతట తాము చెప్పడం తక్కువ. చెబితే చాడీకోరన్న పేరు వస్తుంది. నాన్న బడికి వచ్చి కేకలు వేస్తే మరునాటి దెబ్బలు రెట్టింపవుతాయి. అన్నిటినీ మించి, సిగ్గు. ఇన్నిటినీ దాటుకుని ఒకనాడు నోరు విప్పితే, పెద్దలనుంచి సాధారణంగా వచ్చే జవాబులు రెండే. “నువ్వూ ఒకటి తగిలించు” అన్నది మొదటిది. “పట్టించుకోకు, వాళ్లే మానేస్తారు” అన్నది రెండవది. ఒకదానిలో పౌరుషం, మరొకదానిలో వివేకం ధ్వనించవచ్చు గాని, రెండూ భారాన్ని తిరిగి ఆ పసివాడి నెత్తినే పెడతాయి. తిరగబడగల సత్తా ఉంటే వాడిని అసలు ఎంచుకునేవారే కారు.

ఈ సమస్యను శాస్త్రీయంగా పరిశీలించిన తొలి తరం వారిలో డాన్ ఓల్వేయస్ ముఖ్యుడు. స్వీడన్‌లో పుట్టి నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన. హాని చేయాలన్న ఉద్దేశం, పదేపదే జరగడం, బలాబలాలలో తేడా: ఈ మూడూ కలిసినప్పుడే దానిని వేధింపు అనాలన్నాడు. సమ ఉజ్జీల కొట్లాట ఆ కోవలోకి రాదు. (రోజూ జుట్లు పట్టుకునే అన్నదమ్ముల తల్లికి ఇది కొంత ఊరట!) ముగ్గురు బాలుర ఆత్మహత్యలు దేశాన్ని కలచివేసిన తరువాత, 1983లో నార్వే ప్రభుత్వం పాఠశాలలన్నిటిలో నివారణోద్యమం చేపట్టింది. బెర్గెన్‌లోని 42 పాఠశాలలకు చెందిన సుమారు 2,500 మంది విద్యార్థులను ఓల్వేయస్ గమనించగా, రెండేళ్లలో వేధింపు దాదాపు సగానికి తగ్గింది. అక్కడ మార్చినది బాధితుడిని కాదు, బడిని. విరామ వేళల్లో పెద్దల కాపలా పెరిగింది. తరగతికి స్పష్టమైన నియమాలు ఏర్పడ్డాయి. ఇరువైపుల తల్లిదండ్రులతోనూ ఉపాధ్యాయులు మాట్లాడారు.

చూస్తూ నిలబడే పిల్లల సంగతి ఇంకా ఆసక్తికరం. కెనడాలో ఆటస్థలాలను చిత్రీకరించి 2001లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నూటికి 88 సంఘటనల్లో తోటి పిల్లలు పక్కనే ఉన్నారు. అడ్డుపడినవారు కొద్దిమందే. కాని అడ్డుపడిన సందర్భాలలో సగానికి పైగా, వేధింపు పది సెకన్లలోనే ఆగిపోయింది. కనుక, కరాటే నేర్పించే ముందు, వాడితో కలిసి నడిచే స్నేహితుడొకడు ఉన్నాడా అని చూడాలి. ఒక్కడుంటే చాలు. సెలవునాడు ఆ అబ్బాయిని ఇంటికి పిలవడం చిన్న పనేమీ కాదు.

ఇక ఇంట్లో చేయవలసినది: ముందు పూర్తిగా వినండి. ఎక్కడ, ఎప్పుడు, పక్కన ఎవరున్నారు అన్నవి తేదీలతో ఒక నోటు పుస్తకంలో రాయండి. వేధింపు ఫోనులో సాగుతుంటే ఆ సందేశాలను చెరిపివేయవద్దు. ఫోను లాక్కోవద్దు, లాక్కుంటే వాడు మరోసారి చెప్పడు. “పిల్లలన్నాక ఇవన్నీ మామూలే” అనే ఉపాధ్యాయుడి ముందు ఆవేశం పనిచేయదు, ఆ తేదీలే పనిచేస్తాయి. శిక్షలకంటే ముందు, మెట్ల దగ్గర, మరుగుదొడ్ల దగ్గర, బస్సులో ఎవరైనా కనిపెట్టి ఉండాలని అడగండి. బడి పెడచెవిన పెడితే, పిల్లల సహాయ ఫోను 1098 ఉంది.

అయితే బడికి వెళ్లే ముందు, అక్కడ ఏం మాట్లాడబోతున్నారో పిల్లవాడికి చెప్పండి. “వద్దు, రాకు” అని బతిమాలితే, నలుగురూ చూడకుండా సాయంత్రం గంట కొట్టిన తరువాత వెళ్లేలా వాడితోనే ఒప్పందం చేసుకోండి.