సబ్ రిజిస్ట్రారు దస్తావేజును ఎప్పుడు నిరాకరింపవచ్చును?

పెద్దాపురము రిజిస్ట్రారు కచేరీకి విక్రయ దస్తావేజు తీసికొనిపోయి, "ఇది చెల్లదన్నారు" అని ఉత్త చేతులతో మరలివచ్చు రైతులు కలరు. ఏ కారణమున చెల్లదో వ్రాతమూలముగా అడుగువారు అరుదు. కొందరు నోటరీ ముద్ర వేయించుకొని తృప్తిపడుదురు. నూరు రూపాయలు, ఆపైన విలువగల భూమి విక్రయమునకు రిజిస్ట్రేషను తప్పదు. నోటరీ ముద్రవలన హక్కు సంక్రమింపదు.

1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ప్రకారము అధికారి తన ఇష్టానుసారము కాదనరాదు. భూమి ఆ కచేరీ పరిధిలో లేకున్నను, వ్రాసిన సర్వే నెంబరు, సరిహద్దులు భూమిని గుర్తించుటకు చాలకున్నను, కొట్టివేతలకు, దిద్దుబాట్లకు, ఖాళీలకు వ్రాసియిచ్చినవారి చేవ్రాలు లేకున్నను త్రిప్పివేయవచ్చును. వ్రాసిన నాలుగు మాసములలో దాఖలు చేయవలెను. అనివార్యకారణమున జాగైనచో జుర్మానాతో మరి నాలుగు మాసములు. వీలునామాకు ఈ గడువు లేదు. 22-ఏ సెక్షను క్రింద నిషేధింపబడిన అసైన్డు, దేవాదాయ, ప్రభుత్వ భూముల సంగతి బయానా ఇచ్చుటకు ముందే విచారించుకొనుడు.

వ్రాసియిచ్చినవాడు "ఇది నేను వ్రాయలేదు" అన్నను, మైనరుగానో మతిలేనివానిగానో కనబడినను అధికారి నిరాకరింపవలసినదే. కాని "సంతకము నాదే, సొమ్ము మాత్రము ముట్టలేదు" అనుట చాలదు. దస్తావేజు రిజిస్టరగును, సొమ్ముకై అతడు సివిలు కోర్టుకు పోవలెను. పైకము చేతబడక సంతకము చేయుట వట్టి అమాయకత్వము. బంధువులకు అమ్మునప్పుడే ఇది హెచ్చుగా జరుగును.

అమ్మువాని హక్కును విచారించు అధికారము సబ్ రిజిస్ట్రారుకు లేదని 2025 ఏప్రిలులో సుప్రీము కోర్టు తమిళనాటి వ్యాజ్యమొకదానిలో తీర్పుచెప్పి, ఆ రాష్ట్రపు నిబంధనను కొట్టివేసినది. దీనివలన అకారణ నిరాకరణలు తగ్గును. అయినను రిజిస్టరైనంతమాత్రమున అమ్మినవానికి హక్కున్నట్లు కాదు. ఈసీ, అడంగలు, పాత దస్తావేజులు కొనువాడే చూచుకొనవలెను.

నిరాకరించినచో, భూమి పరిధిలో లేదన్న సందర్భమున తప్ప, కారణములను రెండవ నెంబరు పుస్తకమున వ్రాసి, దస్తావేజుపై "రిజిస్ట్రేషను నిరాకరింపబడినది" అని అధికారి లిఖింపవలెను. కోరినచో ఆ కారణముల నకలు రుసుము లేకుండ, జాగుచేయక ఇయ్యవలెను. నోటిమాట ఉత్తర్వు కాదు. దానిపై అప్పీలునకు పోజాలరు. కావున నకలు చేతబడనిదే కచేరీ మెట్లు దిగకుడు. ఉత్తర్వు తేదీనుండి 30 దినములలో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసికొనవచ్చును. వ్రాసియిచ్చినవాడే కాదన్నచో అప్పీలు గాక దరఖాస్తు; దానికిని 30 దినములే. అక్కడను కాదన్నచో మరి 30 దినములలో సివిలు కోర్టున దావా వేయవలెను. "కోతలు కానిండు, నూర్పులు కానిండు" అని ఆగినచో ఈ దినములు చేను గట్టుమీదనే గడచిపోవును.