తివాచీని అనుకరించిన రంగు గుడ్డ

ఆయిల్ పెయింటు డబ్బాకు మూత సరిగా పెట్టకపోతే, కొద్ది రోజులకు పైన మీగడలాంటి పొర కడుతుంది. మీరెప్పుడైనా గమనించారా? ఒకప్పుడు ఇంగ్లండులో ఇళ్ళ నేలలను అలంకరించింది అటువంటి పొరే.

18వ శతాబ్దంలో అక్కడ ఉన్ని తివాచీలు చాలా ఖరీదైనవి. అందువల్ల మందమైన కాన్వాసు గుడ్డకు అవిసె నూనెతో కలిపిన రంగులను పొరలు పొరలుగా పూసి, దానిపై తివాచీల పూలు, అంచులు, చలువరాతి పలకల నమూనాలు చిత్రించేవారు. దీనినే ‘ఫ్లోర్‌క్లాత్’ అంటారు. నీరు ఒలికినా తుడిస్తే చాలు. ఇటువంటి నేలలకు పనికివచ్చే 24 నమూనాలతో జాన్ కార్విథమ్ 1739లో లండన్‌లో ఒక పుస్తకం వెలువరించాడు. తరువాత పెడన కలంకారీలో వలె చెక్క అచ్చులతో నమూనాలు అద్దడం కూడా వచ్చింది.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. నూనె పూసిన గుడ్డ జిడ్డుగా ఉండాలి కదా! కొబ్బరి నూనె ఒలికితే వారమైనా ఆరదు. మరి అవిసె నూనె ఎలా ఆరింది?

నిజానికి అది నీటిలా ఆవిరై ఆరదు. అవిసె నూనెలో దాదాపు సగం లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది. దాని అణువులో మూడు ద్విబంధాలు ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ ఆ చోట్ల చర్య జరపడంతో పక్కపక్క అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. కొబ్బరి నూనెలో ద్విబంధాలు చాలా తక్కువ. అందుకే అది జిడ్డుగానే మిగులుతుంది. తడి బట్ట ఆరితే బరువు తగ్గుతుంది. కానీ గాజు పలక మీద పలుచగా పూసిన అవిసె నూనె గట్టిపడేటప్పుడు బరువు పెరుగుతుంది! మీ కళాశాలలోని సున్నితపు త్రాసుతో మీరే పరీక్షించండి.

ఈ చర్య నెమ్మదైనది. స్కాట్లండులోని కిర్కాల్డీలో 1847లో మైకేల్ నెయిర్న్ స్థాపించిన కర్మాగారంలో ఈ గుడ్డలను ఆరబెట్టడానికి నెలలు పట్టేది. డబ్బాలో కట్టిన పొరను గమనించిన ఫ్రెడరిక్ వాల్టన్ మరో దారి వెతికాడు. ముందుగానే గట్టిపరచిన అవిసె నూనెలో బెండు పొడి వంటివి కలిపి, గుడ్డ మీద పరచి ‘లినోలియం’ తయారుచేశాడు. 1863లో దానికి పేటెంటు పొందాడు. లాటిన్‌లో లైనమ్ అంటే అవిసె, ఓలియమ్ అంటే నూనె.

చివరగా ఒక హెచ్చరిక. ఈ చర్యలో వేడి పుడుతుంది. నేల మీద పలుచని పొరలో ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. కానీ అవిసె నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే వేడి లోపలే పేరుకుని, అగ్గిపుల్ల గీయకుండానే మంట అంటుకోవచ్చు. మీ ఇంట్లో తలుపులకు ఆ నూనె పూస్తున్నప్పుడు, వాడిన గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరచమని చెప్పండి. లేదా నీటిలో తడిపి, మూత ఉన్న ఇనుప డబ్బాలో ఉంచమనండి. తివాచీని ఇచ్చిన రసాయన చర్యే నిప్పునూ ఇవ్వగలదని మరువకండి.