జీపు కడుపుకో కవచం

"సార్‌ని పంపించండి మేడమ్. ఇవన్నీ ఇంజనీరింగు విషయాలు. మీకు చెప్పినా అర్థం కావు."

విశాఖపట్నంలో జీపు సామాన్ల షాపాయన ఈ మాట మర్యాదగానే అన్నాడు. నేనూ అంతే మర్యాదగా, "మా సార్‌కి స్కూటరు తప్ప మరొకటి తెలీదు బాబూ. జీపు మా చెల్లెలిది. నాకే చెప్పు" అన్నాను.

మా చెల్లెలు డాక్టరు. పాడేరు అవతల ఓ కొండ ఊళ్లో ఉద్యోగం. తారు రోడ్డు అయిపోయాక వచ్చే గుట్టల దారి కోసం పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఒకటి కొనుక్కుంది. కిందటేడు వానాకాలంలో ఓ సాయంత్రం గెడ్డ దాటుతుంటే కింద 'ఠంగ్' మని చప్పుడైంది. బండి ఆగలేదు కదా అని ముందుకు పోనిచ్చింది. కాసేపటికి వెనక నుంచి మూలుగు మొదలై, ఆ తర్వాత చక్రాలు బిగుసుకుపోయాయి. వానలో, చీకట్లో, నర్సమ్మతో కలిసి నాలుగు కిలోమీటర్లు నడిచింది.

సంగతి తెలిసి అమ్మ ఒకటే పోరు: "బదిలీ పెట్టించుకో, లేదా ఉద్యోగం మానెయ్."

"రాయి తగిలింది జీపుకమ్మా, నాకు కాదు" అంది చెల్లెలు. నాకు మాత్రం విడిగా ఫోన్ చేసి, "అక్కా, నాకు సెలవు దొరకదు. మళ్లీ అలా కాకుండా కింద ఏదైనా గార్డు వేయించవూ" అని బతిమాలింది. అదిగో, అలా నేను షాపుల వెంట పడ్డాను.

ఇంతకీ దెబ్బ తగిలింది దేనికి?

దాన్ని డిఫరెన్షియల్ అంటారు. కళ్లంలో బంతి కట్టిన ఎడ్లని చూశారా? లోపలి ఎద్దు నెమ్మదిగా తిరుగుతుంది, బయటి ఎద్దు గబగబా నడవాలి. బండి మలుపు తిరిగేటప్పుడు చక్రాల సంగతీ అంతే. బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. ఇంజను బలాన్ని రెండు చక్రాలకీ ఇస్తూనే, ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా తిరగనిచ్చే పళ్లచక్రాల అమరికే ఇది. ఇరుసు మీద గుమ్మడికాయలా ఉబ్బి కనిపించే డొప్పలో, గేర్ ఆయిల్లో మునిగి ఉంటుంది.

చిక్కంతా ఆ గుమ్మడికాయతోనే. చాలా జీపుల్లో నేలకి అందరికంటే దగ్గరగా వేలాడేది అదే. రాయి తగిలి డొప్ప చిట్లితే ఆయిలు కారిపోతుంది. ఆయిలు లేని పళ్లచక్రాలు నూనె లేని మూకుట్లో పోపులా మాడిపోతాయి. మా చెల్లెలి జీపుకి జరిగింది సరిగ్గా ఇదే. ఠంగుమన్నప్పుడే దిగి కిందికి వంగి చూసుంటే ఆయిలు చుక్కలు కనిపించేవి. బండిని అక్కడే ఆపేస్తే లోపలి క్రౌన్ పినియన్ దక్కేది.

పలక ఎంత మందం?

షాపాయన చూపించింది బండి కడుపంతా కప్పేసే 5 మిల్లీమీటర్ల ఉక్కు పలక. "దీంతో ఇంక మీకు చింతే లేదు" అన్నాడు. ఇంటికొచ్చి లెక్క వేశాను. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉన్న అలాంటి పలక దాదాపు 39 కిలోలు తూగుతుంది. అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒకటిన్నర, రోజూ మోస్తూ తిరగాలి! అల్యూమినియంలో అయితే 6 మిల్లీమీటర్ల మందం తీసుకున్నా 16 కిలోలే. కానీ రాయి మీద రాసుకున్నప్పుడు అల్యూమినియం మెత్తగా గీరుకుని పట్టేస్తుంది, ఉక్కు జారిపోతుంది. ఉక్కుకేమో తుప్పు భయం, రంగు వేస్తూ ఉండాలి.

అనకాపల్లిలో మా ఇంటి దగ్గర ఓ ముసలి మెకానిక్కు ఉన్నాడు. ఆయన పలకల ఊసెత్తకుండా గోనెసంచి పరిచి, "ముందు బండి కింద చూడండమ్మా" అన్నాడు. చీర కుచ్చిళ్లు దోపుకుని, ఒత్తిగిలి పడుకుని చూశాను. అసలు పాఠం అక్కడ మొదలైంది.

బండిని బట్టి గార్డు

ఇరుసు రెండు రకాలట. రెండు చక్రాలనీ కలుపుతూ ఒకే కమ్మీలా ఉండేది ఒకటి. చక్రం రాయెక్కితే ఇరుసూ, దాంతోపాటు డిఫరెన్షియలూ లేస్తాయి. దీనికి గార్డు ఇరుసుకే బిగించాలి. రెండో రకంలో ఏ చక్రం దారి దానిదే. డిఫరెన్షియల్ పైన ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. బండి కుదుపుకి కిందికి దిగితే అదీ నేలకి దగ్గరవుతుంది. దానికి ఛాసిస్‌కి బిగించే పలక సరిపోతుంది. జిమ్నీకి ముందూ వెనకా మొదటి రకమే. 2020లో వచ్చిన థార్‌కి వెనక మొదటి రకం, ముందు రెండో రకం. మా చెల్లెలి పాత జీపుకి రెండూ మొదటి రకమే. అంటే షాపాయన చెప్పిన పెద్ద పలక వేయించినా, దాని కిందికి వేలాడే ఆ గుమ్మడికాయలు అలాగే బయట ఉండేవన్నమాట!

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి బండి కొంటే గార్డు బిగించే ముందు ఇవి చూడండి:

అడుగున ఆయిలు తీసే ప్లగ్గుకి ఎదురుగా కంత ఉందా? లేకపోతే ఆయిలు మార్చిన ప్రతిసారీ గార్డంతా విప్పాలి. విప్పడానికి బద్ధకించి మార్చడమే మానేస్తాం.

బురద కారిపోయే దారి ఉందా? లేకపోతే లోపల గడ్డకట్టి, కారుతున్న ఆయిలుని కూడా కనపడనివ్వదు. పొగ గొట్టం దగ్గర ఎండుగడ్డి చిక్కుకుంటే నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

అంచులు ముందుకీ వెనక్కీ పైకి వంగి ఉన్నాయా? బండి వెనక్కి కూడా వెళ్లాలి కదా! బోల్టు తలలు పైకి పొడుచుకు రాకూడదు.

డొప్పకీ గార్డుకీ మధ్య కాస్త సందు ఉండాలి. మరీ ఆనుకుని ఉంటే దెబ్బ డొప్పకే దిగుతుంది. మరీ దూరమైతే నేల నుంచి ఉండే ఎత్తు తగ్గిపోతుంది.

ఇరుసుకి వెల్డింగు చేయించకండి. ఆ వేడికి ఇరుసు వంకర పోవచ్చు, సీళ్లు పాడవచ్చు. క్లాంపులతో బిగించే రకమే మేలు. కొత్త బండైతే వారంటీ మాట ముందే అడిగి తెలుసుకోవాలి.

చివరికి ముందూ వెనకా డిఫరెన్షియల్స్‌కి మాత్రమే, ప్లగ్గు దగ్గర కంత ఉన్న ఉక్కు గార్డులు వేయించాను. పెద్ద పలకకి చెప్పిన ధరలో మూడోవంతు కూడా కాలేదు.

బండి తీసుకుని వెళ్లేటప్పుడు మెకానిక్కు ఇంకో మాట చెప్పాడు: "గార్డుందని రాయిని రెండు చక్రాల మధ్యకి వదలకండి డాక్టరమ్మా. చక్రాన్నే రాయెక్కించండి, ఇరుసు దానంతటదే లేస్తుంది. గుండు మీ బండికి ఏ పక్కకుందో గుర్తుంచుకోండి, ఆ పక్క జాగ్రత్త." రాళ్లని తప్పిస్తూ మధ్యలోంచి పోనిచ్చే మన ఊరి కార్ల అలవాటు అక్కడ పనికిరాదన్నమాట.

ఆ రోజంతా నాకు అమ్మ మాటలే గుర్తొచ్చాయి. ఆడపిల్లకి జాగ్రత్త అంటే మనకి తోచేది ఒక్కటే, ఆ దారిన వెళ్లొద్దనడం. వెళ్లే దారిలో దెబ్బ ఎక్కడ తగులుతుందో కనుక్కుని అక్కడ గట్టి చేయడం కూడా జాగ్రత్తే. ఆ గట్టి చేసేది చూసుకోవడానికి, విప్పుకోవడానికి వీలుగానూ ఉండాలి.

ఈ ఏడు తొలి వానలయ్యాక చెల్లెలు ఫోన్లో ఫోటో పంపింది. వెనక గార్డు మీద జానెడు గీత, తళతళా మెరుస్తూ. డొప్పకి ఏమీ కాలేదు. అమ్మకి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. ఇంక బదిలీ మాటెత్తుతుందనుకున్నాను.

"ఫోన్ కలుపు, దాంతో మాట్లాడాలి" అంది.

కలిపాను.

"ఏమే, దిగి ఆయిలు చుక్కలేమైనా పడుతున్నాయేమో చూసుకున్నావా?" అనడిగింది అమ్మ.