ఎక్కడ తిందాం తాతా?

‘‘తాతా, బిర్యానీ తింటావా, భోజనమా?’’

‘‘ఏదైనా సరేమ్మా. ఇంట్లో అయితే.’’

2023 జూన్ ఆఖరి వారంలో, రాచర్ల మండలంలోని ఓ పల్లెలో, ఈ మాటలు మూడు రోజుల పాటు నడిచాయి. పెద్దాయనకు జూలై 1న డెబ్భై అయిదు నిండుతాయి. బెంగళూరులో ఉద్యోగంలో చేరిన మనవరాలికి మొదటి జీతం వచ్చింది. ‘ఈసారి తాత పుట్టినరోజు హోటల్లోనే. బిల్లు నాది’ అని ప్రకటించేసింది. ఇంట్లో తొమ్మిది మంది. తొమ్మిది నోళ్లు, పదకొండు అభిప్రాయాలు. పేర్లు వద్దన్నారు కాబట్టి ఆయన్ని పెద్దాయన అనే అందాం.

ఇంతకీ ఆ పుట్టినరోజు కూడా అసలుది కాదు! ఆ వయసు వాళ్ల ఆధార్ కార్డులు ఓసారి చూడండి. సగం ఊరు జూలై 1న పుట్టినట్టుంటుంది. మిగతా సగంలో కొందరు జూన్ 1న. బడి తెరిచే నాటికి పిల్లాడికి అయిదేళ్లు నిండి ఉండాలి. తల్లిదండ్రులకు తేదీ తెలియదు. పంతులుగారు లెక్క సరిపోయేలా ఓ తేదీ వేసేవారు. బడి మొహమే చూడనివాళ్లకు ఆ తర్వాత ఎప్పుడో ఆధార్ వాళ్లు జనవరి 1 ఇచ్చారు. పెద్దాయన అయిదో తరగతి దాకా చదివాడు కాబట్టి జూలై దక్కింది. వాళ్లమ్మ లెక్క మాత్రం వేరు. ‘కంభం చెరువు అలుగు పారిన ఏడు, కంది కోతలప్పుడు పుట్టినావు’ అనేదట. కంది కోతలు జూలైలో ఉండవు మరి!

నక్షత్రాలు చెప్పని సంగతులు

పుట్టినరోజుకు హోటల్ ఎంచుకోవడం హైదరాబాద్‌లో వేలితో తేల్చే పని. రాచర్లలో అలా కాదు. ఇడ్లీ, దోసె, సాయంత్రం బజ్జీలు, నూడుల్స్ బండి... ఇవన్నీ నిలబడి తినేవి. తొమ్మిది మంది ఒక బల్ల చుట్టూ కూర్చోవాలంటే గిద్దలూరు పోవాలి. లేదంటే మార్కాపురం. ఇంకా కాదంటే నల్లమల దాటి నంద్యాల. ఒంగోలు మాట ఎవరూ ఎత్తలేదు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా గిద్దలూరు, మార్కాపురం తాలూకాలు కర్నూలు జిల్లావే. కాగితం మీద జిల్లా మారింది గానీ నాలుక మారలేదు. సంగటి, జొన్నరొట్టె, ఎర్రకారం... ఇక్కడి కంచం ఇప్పటికీ పడమటి వైపే చూస్తుంది.

మనవరాలు ఫోన్లో నక్షత్రాలు చూసి నంద్యాలలో ఓ ఏసీ రెస్టారెంట్ తేల్చింది. నాలుగున్నర చుక్కలు. పెద్ద కొడుకు అడిగిన మొదటి ప్రశ్న: ‘‘మెట్లెన్ని?’’ ఫ్యామిలీ హాలు మేడ మీద. తాతకు మోకాళ్లు. నక్షత్రాలిచ్చిన రెండొందల మందిలో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎందరో ఏ ఫోనూ చెప్పదు. మరుగుదొడ్డి ఎక్కడుందో, ముక్క కట్టుడు పళ్లకు లొంగుతుందో లేదో, కుర్చీ జరుపుకోవడానికి చోటుందో లేదో కూడా చెప్పదు. పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు ఫోన్ చేసి అడగాల్సినవి ఇవే. మెనూ తర్వాత.

రెండో చిక్కు అవ్వ దగ్గర వచ్చింది. ఆ ఏడు జూలై 1 శనివారం. జె.పుల్లలచెరువు దగ్గర అడవిలో ఉన్న నెమలిగుండ్ల రంగనాయకస్వామికి శనివారం శనివారం జనం పోతారు. అవ్వకు ఆ రోజు ఒక్కపొద్దు. నీసు ఇంట్లోకి రానివ్వదు. చిన్న కోడలు ‘శాకాహార హోటల్‌కు పోదాం అత్తా’ అంది. చిన్న మనవడి మొహం చూడాలి అప్పుడు! పనీర్ అనే మాటకే వాడు అలిగి లేచిపోయాడు. చివరికి దారి చూపింది అవ్వే.

‘‘పంతులు రాసిన తేదీనే గదా. ఇంకో దినం జరిపితే ఏం పోయింది? ఆదివారం పెట్టుకోండి.’’

అలా డెబ్భై అయిదేళ్లలో తొలిసారి పుట్టినరోజు జరుపుకోబోతున్న మనిషి ఒకరోజు ఆలస్యంగా పుట్టాడు.

సద్దిమూట రహస్యం

అన్నీ కుదిరాయి, పెద్దాయన తప్ప. ‘నేను రానులే, మీరు పోయిరాండి’ అన్నాడు. కొడుకులకు ఇది కొత్త కాదు. నాయన హోటల్లో తినడు. కర్నూలు పెద్దాసుపత్రికి పోయినా, పిల్ల సంబంధం చూడ్డానికి పోయినా చంకలో గిన్నె ఉండాల్సిందే. ఊళ్లో దానికి ‘పిసినారితనం’ అని పేరు. కొడుకులూ అదే అనుకున్నారు. ‘రూపాయి రూపాయి కూడబెట్టి మమ్మల్ని చదివించినోడు, అలవాటు పోలేదు’ అని సర్దుకున్నారు.

శుక్రవారం రాత్రి ఆరుబయట మంచం మీద మనవరాలు గట్టిగా పట్టుకుంది. డబ్బులా? అరగదనా? ఎందుకు రావు?

అప్పుడు చెప్పాడు. పదో పన్నెండో ఏళ్ల వయసు. నాయనతో కలిసి కట్టెల మోపు అమ్మడానికి ఓ పెద్ద ఊరికి పోయాడు. అక్కడ టీ హోటల్. లోపల బల్లలున్నాయి. వీళ్లు బయట నేల మీద. వీళ్ల గ్లాసులు వేరు, చూరులో దోపి ఉండేవి. తీసుకోవాలి, పైనుంచి పోస్తే తాగాలి, కడిగి మళ్లీ చూరులోనే పెట్టాలి. డబ్బులు చేతికివ్వకూడదు, కింద పెట్టాలి. ‘‘ఆ గ్లాసుకు అంచు పగిలుండె. పెదం తెగింది. మా నాయన చూసి కూడా ఏమనలేదు. ఆయప్ప ఏమీ అనకపోవడం నాకు యాదుండిపాయె.’’ ఆ తర్వాత మళ్లీ హోటల్ గడప తొక్కలేదు. ఆ హోటల్ ఎప్పుడో పడిపోయింది. చూరు లేదు, గ్లాసు లేదు. గిన్నె మాత్రం మిగిలింది.

అవ్వకు ఇదంతా తెలుసు. యాభై ఏళ్లుగా ఆ గిన్నె సర్దింది ఆవిడే.

డబ్బిచ్చి బయట తినడం తెలుగువాళ్లకు కొత్తదేం కాదు. పదిహేనో శతాబ్ది నాటి ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు పూటకూళ్లింటి భోజనం ఉంది. ధర ఒక రూక. గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ లేకపోతే సగం నాటకం లేదు. కానీ ఆ పూటకూళ్లిళ్లలో గానీ, వాటి తర్వాత ‘బ్రాహ్మణ భోజన హోటల్’ అని బోర్డులు కట్టుకున్నవాటిలో గానీ అందరికీ ఆకు పడేది కాదు. అందుకే కావచ్చు, రాజ్యాంగం రాసినవాళ్లు ఈ విషయాన్ని గాలికి వదల్లేదు. పదిహేనో అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, భోజనశాలలు అని పేరుపెట్టి మరీ రాశారు... కులం పేరుతో ఎవరినీ ఆపకూడదని. అది అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. పెద్దాయన పెదం తెగింది అది జరిగి దాదాపు పదేళ్లకు! 1955లో అంటరానితనాన్ని నేరంగా చేసిన చట్టమూ అప్పటికే ఉంది. చట్టం చూరు దాకా చేరలేదంతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1960 ఫిబ్రవరి 1న, అమెరికాలోని గ్రీన్స్‌బరో పట్టణంలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్లకే పరిమితమైన ఉల్వర్త్ దుకాణపు భోజనాల బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు. లేవకుండా కూర్చున్నారు. మర్నాడు ఇంకొందరు వచ్చారు. నెలల తరబడి అలా కూర్చుంటే ఆ ఏడు జులైలో కాఫీ పోశారు. 1964లో చట్టం వచ్చింది. మనవరాలు ఈ కథ చెబితే పెద్దాయన ఒక్కటే అడిగాడట. ‘‘వాళ్ల నాయనలు ఏమన్నారు?’’

మన దగ్గర ప్రతినెలా 30న పల్లెల్లో పౌరహక్కుల దినం జరుపుతారు. అధికారులొస్తారు, కొన్నిచోట్ల సహపంక్తి భోజనాలు పెడతారు. ఫొటోలు కూడా తీస్తారు. మంచిదే. కానీ ఎవరో పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం వేరు, డబ్బిచ్చి తన కుర్చీలో తాను కూర్చోవడం వేరు.

మధ్య బల్ల

తెల్లారి పెద్దాయన తనే మాటెత్తాడు. ‘‘పోదాం. అయితే నంద్యాల వద్దు. గిద్దలూరే.’’ నంద్యాలలో ఏసీ ఉంటుంది తాతా అంటే, ‘‘ఆడ మనల్నెవరు చూస్తారు?’’ అన్నాడు. మేడ మీద హాలొద్దు, తెర కట్టిన గది వద్దు. రోడ్డు మీద పోయేవాళ్లకు కనపడే బల్ల కావాలి. మనవరాలి ఎంపిక సూత్రాలన్నీ ఆ దెబ్బతో మూలపడ్డాయి.

ఆదివారం గనక ముందే ఫోన్ చేసి బల్ల పట్టారు. రెండు బల్లలు కలిపి, మధ్య వరసలో. మెనూలో ‘రాగి సంగటి, నాటుకోడి’ కనిపించింది. ధర చదివి వినిపిస్తే అవ్వ నోరు నొక్కుకుంది. ‘‘సంగటికా!’’ తిండి లేనివాళ్ల తిండి హోటల్లో స్పెషలైపోవడం ఆవిడకు చివరిదాకా మింగుడు పడలేదు. పెద్దాయన చికెన్ బిర్యానీ చెప్పాడు. సగమే తిన్నాడు, షుగరుంది. సర్వర్ కుర్రాడు మంచినీళ్లు పోసినప్పుడు మాత్రం గ్లాసును అటూ ఇటూ తిప్పి అంచు చూశాడు. పక్క బల్ల మీద ఉన్నదీ చూశాడు. ఒకటే రకం స్టీలు గ్లాసులు. తాగాడు.

బిల్లు వచ్చాక మనవరాలు నాయనకు ఇవ్వలేదు. వరసగా చూసుకుంది. జీఎస్టీ అయిదు శాతం, బిల్లు మీద నంబరుంది. (నంబరు లేకుండా పన్ను కలిపితే అడగొచ్చు. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న హోటళ్లు ఆ పన్నును మన దగ్గర వసూలు చేయకూడదు. సర్వీసు చార్జి అని కలిపితే తీసేయమనొచ్చు. అది తప్పనిసరి కాదని వినియోగదారుల ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే చెప్పింది. దాన్ని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. వినకపోతే 1915కు ఫోన్.) ‘ఎంతయింది?’ అని పెద్దాయన అడిగాడు. చెప్పలేదు. మళ్లీ అడగలేదు.

బయటికొచ్చాక ఎదురుగా టీ కొట్టు. ‘‘టీ తాగుదాం’’ అన్నాడు. తొమ్మిది మందికీ కాగితం కప్పులు తీశాడు కొట్టువాడు. ఈమధ్య ఎక్కడైనా అంతే, ఎవరొచ్చినా కాగితం కప్పే.

పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. బల్ల మీద కడిగి బోర్లించిన గాజు గ్లాసుల వైపు చూపించి, ‘‘నాకు దాంట్లో పొయ్యి’’ అన్నాడు.